లిబ్రేఆఫీస్‌లో 64 పేజీలు, వర్డ్‌లో తెరిస్తే 71. ఎట్లా సరిచేయాలి?

దేవరకొండ నుంచి: అన్నా, బతుకమ్మ పాటల పుస్తకం ఇంట్లో లిబ్రేఆఫీస్‌లో టైప్ చేసి డాక్స్ ఫైలుగా సేవ్ చేశాను. నల్లగొండలో డీటీపీ సెంటర్‌లో వర్డ్‌లో తెరిస్తే పాటల పాదాలు విరిగి కింది వరుసలోకి పోయాయి. శీర్షికలు పేజీ అడుగున మిగిలిపోతున్నాయి. మొత్తం అను అనే పాత తెలుగు ఫాంట్లలో మళ్లీ టైప్ చేయించుకోమంటున్నారు. దసరాలోపు ప్రింట్ కావాలి, టెన్షన్‌గా ఉంది.

మిర్యాలగూడ నుంచి: మళ్లీ టైపింగ్ దండగ, ఆగండి. అక్షరాలు డబ్బాల్లా వస్తున్నాయా, తెలుగు బాగానే ఉండి పేజీలే జరిగాయా? ఏ ఫాంట్ వాడారు?

దేవరకొండ నుంచి: తెలుగు బాగానే ఉంది. నేను పెట్టింది మండలి. అక్కడ అక్షరాల రూపే వేరుగా ఉంది.

మిర్యాలగూడ నుంచి: అయితే ఆ కంప్యూటర్‌లో మండలి లేదు. మామూలుగా ఫైలు వెంట ఫాంట్ పేరే పోతుంది, ఫాంట్ పోదు. అది లేనిచోట వర్డ్ గౌతమినో నిర్మలనో పెట్టేస్తుంది. వాటి వెడల్పు వేరు, వరుసల మధ్య ఎడం వేరు. కింద వొత్తులకు, పైన గుడులకు ఒక్కో ఫాంట్ ఒక్కోలా చోటు వదులుతుంది కాబట్టి తెలుగులో పేజీలు ఇట్టే పెరుగుతాయి.

మండలి ఉచితమే, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. అక్కడ ఇన్‌స్టాల్ చేయించండి. లేదంటే లిబ్రేఆఫీస్‌లో ఫైల్ మెనూ, ప్రాపర్టీస్, ఫాంట్ ట్యాబ్‌లో ఎంబెడ్ ఫాంట్స్ టిక్ పెట్టి సేవ్ చేయండి. ఇంకో సంగతి, తెలుగుకు ఫాంటూ సైజూ సీటీఎల్ అనే గడిలో (మన లిపుల్లాంటి వాటి కోసం ఉండేది) విడిగా ఉంటాయి. ఇంగ్లీషు గడిలో 18 పెట్టి శీర్షిక పెరగలేదని చాలామంది తిట్టుకుంటుంటారు.

మహబూబ్‌నగర్ నుంచి: నేను డీటీపీ పనే చేస్తాను, మా వాళ్ల తరఫున ఒక మాట. అను అడిగేది మొండితనంతో కాదు. చాలా సెంటర్లలో ఇంకా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకరే నడుస్తోంది, దానికి మీరు టైప్ చేసినలాంటి యూనికోడ్ తెలుగు రాదు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ ఉన్నచోట వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే వొత్తులు సరిగ్గా కూర్చుంటాయి. అనులోకి మార్చాల్సే వస్తే టైపింగ్ ఎందుకు, కన్వర్టర్లున్నాయి. అను వెర్షన్ 6 కావాలో 7 కావాలో ముందే అడగండి. మార్చాక ఒకసారి ప్రూఫ్ చూడక తప్పదు.

ఊళ్ల పేర్లు జర చూసుకోండి. పొల్లు తర్వాత కనిపించని గుర్తు ఒకటుంటుంది. కాపీ పేస్టుల్లో అది ఎగిరిపోతే మహబూబ్‌నగర్ కాస్తా మహబూబ్నగర్ అవుతుంది. వర్డ్‌లో ఆ చోట 200సి అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే తిరిగొస్తుంది.

దేవరకొండ నుంచి: మండలి వేయించాను. ఇప్పుడు 65. ఆ ఒక్క పేజీ ఎక్కడిదో తెలియడం లేదు.

మిర్యాలగూడ నుంచి: పాట కొత్త పేజీలో మొదలవ్వాలని ఎంటర్లు కొట్టుకుంటూ పోయారా? వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కండి, అన్నీ బయటపడతాయి. వాటిని తీసేసి కంట్రోల్ ఎంటర్ పెట్టండి. డెమీ అనే పుస్తకం సైజులో ఫారానికి, అంటే ప్రెస్సులో అచ్చయ్యే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు. 64 అంటే సరిగ్గా నాలుగు ఫారాలు, 65వ పేజీ కోసం ఐదో ఫారం ఎత్తుకోవాల్సి వస్తుంది.

దేవరకొండ నుంచి: ఎంటర్లే అన్నా. 64కి వచ్చింది.

మహబూబ్‌నగర్ నుంచి: ఇంక ఆ ఫైలు ముట్టుకోకండి. పీడీఎఫ్ చేసి ప్రెస్సుకు అదే ఇవ్వండి.