అప్‌డేట్: ప్రమోషన్ వచ్చాక "నాకేం రాదని బయటపడిపోతుంది" అన్న భయం

టీమ్ లీడ్ అయినప్పటి నుంచీ ఈ భయంతో మీటింగుల్లో నోరు పెగలట్లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కౌన్సెలర్‌ని కలవమన్న సలహానే పనిచేసింది. ఇది జబ్బు కాదనీ, 1978లోనే పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు దీని గురించి రాశారనీ ఆవిడ చెప్పారు. ఎవరైనా మెచ్చుకుంటే "ఏదో అదృష్టం" అని కొట్టిపారేయకుండా, అందులో నేను చేసిందేమిటో రాసుకోమన్నారు. "రిలీజ్ ముందురోజు లాగ్‌లన్నీ చదివి తప్పు పట్టుకున్నది నేనే" అని మొదట రాశాను. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఎంత కష్టమైందో! అద్దం ముందు "నేను గొప్ప" అనుకోవడం నాకు పనిచేయలేదు. ఇంకో సర్టిఫికేషన్ కూడా అంతే, అది వచ్చినా భయం అలాగే ఉంది. ఇప్పుడు తెలియనిది అడిగితే "చూసి చెప్తాను" అనేస్తున్నాను. ఎవరూ వింతగా చూడట్లేదు.