మనశ్శాంతి కోసం మంచు దాకా పోవాలా?

వేప_చెట్టు (మల్కాజిగిరి):
జనవరి మొదటి వారంలో నేనూ మావారూ కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్లి నాలుగు రోజులున్నాం. మనకు ధనుర్మాసం నడిచే రోజులే వాళ్లకు చిల్లై కలాన్, డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల గడ్డుచలి. రెండో రోజు రాత్రంతా మంచు కురిసింది. తెల్లారి తలుపు తీస్తే చప్పుడన్నదే లేదు. మా ఇంట్లో రైలు కూత ఆగితే పక్కింటి బోరు మోటారు మొదలవుతుంది. అలాంటి నేను గంటన్నర కిటికీ దగ్గర ఊరికే కూర్చున్నాను. హోటల్ అబ్బాయి కాంగ్రీ తెచ్చి ఒళ్లో పెట్టాడు (అల్లిన బుట్టలో చిన్న మట్టిపాత్ర, అందులో నిప్పులు).

చిన్నప్పుడు అమ్మతో ముగ్గులు వేసి వేసి బొమ్మలు నేర్చుకున్నదాన్ని. ఆరేళ్లుగా పెన్సిలు ముట్టలేదు. ఆ పొద్దున తెల్లటి నేల మీద నల్లటి కొమ్మలు చూస్తే, ముగ్గును ఎవరో తిరగేసి వేసినట్టుంది. బిల్లు వెనకే గీశాను. వచ్చాక ఇప్పటికి పదకొండు బొమ్మలయ్యాయి. ఆ ప్రశాంతత ఇక్కడ దొరకదని నా నమ్మకం. వీలున్నవాళ్లు ఒక్కసారైనా పోయి రావాలి. మీరేమంటారు?

గచ్చిబౌలి_23:
బూట్లు, కోట్లు ఇక్కడ కొనకండి. దారిలో టంగ్‌మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి.

నాగోల్_నివాసి:
మీ ఫోన్ ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా?

వేప_చెట్టు:
ప్రీపెయిడే. అక్కడ పని చేయలేదు. ఎందుకండీ?

నాగోల్_నివాసి:
జవాబు అందులోనే ఉంది మేడమ్. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పని చేయదు. నాలుగు రోజులు ఎవరూ మిమ్మల్ని పిలవలేదు, అందుకే మనసు కుదుటపడింది. దానికి మంచెందుకు? ఫోన్ ఇంట్లో పెట్టి అనంతగిరి పొండి. వికారాబాద్ పక్కనే, 80 కిలోమీటర్లు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

వేప_చెట్టు:
ఇంట్లో ఫోన్ ఆపి చూడలేదనుకుంటున్నారా? ఆపిన పది నిమిషాలకే ఎవరు చేశారోనని టెన్షన్. అయినా ఆ హోటల్లో వైఫై ఉంది.

తార్నాక_ఇంజినీరు:
ఆ నిశ్శబ్దం ఆమె ఊహ కాదు. అప్పుడే పడిన మంచులో ఎక్కువ భాగం గాలే. ఆ సన్నటి సందుల్లోకి వెళ్లిన ధ్వని మళ్లీ బయటికి రాదు. అదే మంచు కరిగి, గడ్డకట్టి పైన పెంకు కడితే చప్పుడును తిప్పి కొడుతుంది. ఆమె కూర్చున్నది కురిసిన మర్నాడు పొద్దున కాబట్టి అంత నిశ్శబ్దం. అనంతగిరి అడవి ఎంత బాగున్నా ఈ పని చేయలేదు.

నాగోల్_నివాసి:
వైఫై ఉందన్నారు. వాడారా లేదా?

పొలం_గట్టు:
లంబసింగి పోవచ్చు కదా, అక్కడా మంచే.

తార్నాక_ఇంజినీరు:
లంబసింగిలో మనం చూడబోయేది పొగమంచు అన్నా. మన భాషలో గడ్డి మీది బిందువుకూ మంచే, ఆకాశం నుంచి రాలేదానికీ మంచే. ఈ చర్చలో సగం తికమక అక్కడే ఉంది.

ఉప్పల్_పాఠకుడు:
నేను 2024 జనవరిలో గుల్‌మార్గ్ వెళ్లాను. ఆ ఏడు నెలాఖరు దాకా చెప్పుకోదగ్గ మంచే పడలేదు. ఎండిన గడ్డి, దుమ్ము. పిల్లలు ఏడ్చారు. డబ్బు పోయింది, మనశ్శాంతీ పోయింది. మంచును నమ్ముకుని పోవద్దు.

నాగోల్_నివాసి:
వైఫై సంగతి ఇంకా చెప్పలేదు.

వేప_చెట్టు:
వాడాను! రోజుకోసారి ఇంటికి మాట్లాడాను. ఆ తర్వాత కూడా మనసు అలాగే ఉంది. మీరెప్పుడైనా మంచులో నిలబడ్డారా? ఒక్కసారి కూడా ఎక్కడికీ పోకుండా, పోయి వచ్చినవాళ్ల అనుభవాన్ని సిమ్ కార్డుతో కొలుస్తారేమిటి?

నాగోల్_నివాసి:
పోలేదు. తొమ్మిదేళ్లుగా ఎక్కడికీ పోలేదు. నాన్నకు పక్షవాతం. రాత్రి రెండింటికి లేచి పక్క మార్చాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. మా తమ్ముడు ఏటా చలికాలం కొండలకు పోతాడు. వచ్చి, "మనసు తేలికైంది అన్నా, నువ్వూ ఒకసారి పోయి రా" అంటాడు. నేను పోతే నాన్న దగ్గర ఎవరుంటారో మాత్రం చెప్పడు. మీరు "వీలున్నవాళ్లు" అని రాశారు చూడండి, నాకు అక్కడే మండింది. ఒకరి నిశ్శబ్దానికి ఇంకొకరు ఇంట్లో మేలుకుని ఉంటారు. అది ఎవరూ రాయరు.

పొలం_గట్టు:
అన్నా, ఈ మాట మొదటే చెప్పాల్సింది.

వేప_చెట్టు:
కోపంలో అన్నాను, క్షమించండి. మా అత్తయ్యకు 81 ఏళ్లు, మాతోనే ఉంటారు. ఆ నాలుగు రోజులు మా ఆడపడుచు వరంగల్ నుంచి వచ్చి ఉంది. రోజూ ఫోన్‌లో తనకు మంచు గురించి చెప్పాను తప్ప, నీకు రాత్రులు ఎలా గడుస్తున్నాయని అడగలేదు. మీరు రాసింది చదివాక ఇప్పుడే అడిగాను. అత్తయ్య రెండు రాత్రులు నిద్రపోలేదట, తనూ పోలేదట. చెబితే నేను ఆ నాలుగు రోజులూ పాడు చేసుకుంటానని చెప్పలేదట.

కానీ ఒక్కటి ఒప్పుకోను. నాకు దొరికింది అబద్ధం కాదు. ఆ బొమ్మలూ అబద్ధం కాదు. మీకు రాకుండా పోయింది కాబట్టి అదేమీ కాదని మీరు అనుకోవడం నాకు బాధగా ఉంది. అది మీకూ రావాలి. ఎప్పుడైనా పోయి రమ్మనడం కాదు, ఫలానా తారీకు నుంచి నాలుగు రోజులు నాన్న దగ్గర నేనుంటానని మీ తమ్ముడు చెప్పాలి. రెండింటికి లేవడం ఎలాగో తనకూ తెలియాలి.

నాగోల్_నివాసి:
మీ బొమ్మలు అబద్ధమని నేననలేదు. అలా వినిపిస్తే నాది తప్పే.

నాగోల్_నివాసి (మర్నాడు):
తమ్ముడితో మాట్లాడాను. మొదట సెలవు లేదన్నాడు. నాన్న పక్కన కూర్చునే మాట్లాడుతున్నానని చెప్పాను. కాసేపాగి, మార్చి రెండో వారం వస్తానన్నాడు. అప్పటికి మంచు ఉంటుందా?

గచ్చిబౌలి_23:
మామూలుగా ఉంటుంది. కింద తగ్గినా గోండోలా (అక్కడి కేబుల్ కారు) రెండో దశ ఎక్కి అఫర్వత్ కొండ వైపు పోతే దొరుకుతుంది. పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకోండి అన్నా, ఇంటి నుంచి మీకు ఫోన్ కలవాలి.