సర్వ్ లోపలే పడుతోంది, కానీ రిసీవర్‌కి ఇబ్బందే ఉండట్లేదు. ఎటు వేయాలి?

ప్రశ్న:
పికిల్‌బాల్ డబుల్స్‌లో నా సర్వ్ పదికి తొమ్మిదిసార్లు లోపలే పడుతుంది. అయినా అవతలివాళ్లు తీరిగ్గా రిటర్న్ కొట్టి కిచెన్ (నెట్‌ని ఆనుకుని, బంతిని గాల్లో ఉండగానే కొట్టకూడని చోటు) లైన్ దగ్గరికి వచ్చేస్తున్నారు. ఇంకా గట్టిగా కొట్టాలా? వాళ్లిద్దరిదీ కుడిచేతి వాటమే.

జవాబు 1:
గట్టిగా వద్దండి, లోతుగా వేయండి. కిచెన్ గీత నుంచి బేస్‌లైన్‌కి (కోర్టు వెనక చివరి గీత) 15 అడుగులు. బంతి ఆ మధ్యలో పడితే రిసీవర్ ముందుకు అడుగేస్తూనే కొట్టి, అదే ఊపులో కిచెన్ దాకా వచ్చేస్తాడు. బేస్‌లైన్‌కి రెండు మూడు అడుగుల లోపల పడిందా, వెనక్కి జరిగి కొట్టి, ఆ 15 అడుగులూ పరుగెత్తాల్సిందే. గీతకే గురిపెట్టొద్దు. రెండో సర్వ్ ఉండదు, మామూలు స్కోరింగ్‌లో పాయింట్ వచ్చేది సర్వ్ చేసేవాళ్లకే, కాబట్టి బయటికి పోతే ఆ అవకాశం పోయినట్టే. లోతు ఎత్తుతో వస్తుంది: నెట్ మీద మూడు నాలుగడుగుల ఎత్తున పంపండి. నెట్‌ని రాసుకుంటూ మెల్లగా కొడితే పొట్టిగా పడుతుంది, గట్టిగా కొడితే బయటికి పోతుంది.

జవాబు 2:
ఇక పక్కల సంగతి. మీరు కుడివైపు నుంచి చేసేటప్పుడు వాళ్ల బ్యాక్‌హ్యాండ్ సెంటర్‌లైన్ వైపు ఉంటుంది. సెంటర్‌లైన్‌కి దగ్గరగా నిలబడి దాని వెంటే పంపండి. నెట్ అంచుల్లో 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాలే కాబట్టి అక్కడ కాస్త వెసులుబాటు. ఎడమవైపు నుంచైతే బ్యాక్‌హ్యాండ్ సైడ్‌లైన్ వైపుకి మారుతుంది. గీతకు రెండడుగుల లోపల వేయండి. అక్కడ ఒక చిక్కుంది: పక్కకు లాగిన రిసీవర్ నేరుగా లైన్ వెంట కొట్టగలడు, మీ పార్ట్‌నర్ అటు ఒక అడుగు జరిగి ఉండాలి.
బ్యాక్‌హ్యాండ్ దాచుకోడానికి పక్కకు జరిగి నిలబడేవాళ్లకి కుడి తుంటి మీదికి వేసి చూడండి. మోచేయి ఒంటికి అతుక్కుపోయి ప్యాడిల్ (బ్యాట్) ఆడదు.

ప్రశ్న అడిగినవారు:
మరి కిచెన్ దాటగానే పడే పొట్టి సర్వ్?

జవాబు 1:
రిసీవర్ బేస్‌లైన్‌కి బాగా వెనక నిలబడితేనే, అదీ గేమ్‌లో ఒకటి రెండుసార్లు. ఎక్కువైతే వాళ్లని మీరే కిచెన్ దగ్గరికి పిలిచినట్టు. పైగా సర్వ్ పడాల్సిన బాక్స్‌లోని మిగతా గీతల మీద పడితే సర్వ్ చెల్లుతుంది, కిచెన్ గీత తాకితే మాత్రం ఫాల్ట్.

జవాబు 3:
సర్వ్ కొట్టాక మీరు లోపలికి నడవకండి. రిటర్న్ ఒకసారి నేల తాకాకే కొట్టాలి కదా, అది లోతుగా వస్తే పాదాల దగ్గర పడి ఇరుక్కుపోతారు. బేస్‌లైన్ వెనకే ఆగండి. సాధనకి బేస్‌లైన్ లోపల మూడడుగుల మేర తువ్వాలు పరిచి, ఒక్కో మూలకి పదేసి బంతులు. పదికి ఏడు ఆ దరిదాపుల్లో పడేదాకా వేగం పెంచొద్దు.