ఈఎస్‌పీ32 + ఐఆర్‌ఎఫ్540ఎన్: స్ట్రిప్ మసగ్గా వెలుగుతోంది, మాస్‌ఫెట్ కాలిపోతోంది

ప్రశ్న:
12 వోల్టుల 5050 స్ట్రిప్, ఒకే రంగు, మీటరుకు 60 ఎల్‌ఈడీలు, మొత్తం 5 మీటర్లు. అడాప్టర్ 12 వోల్టులు, 5 ఆంపియర్లు. స్ట్రిప్ మైనస్ ఐఆర్‌ఎఫ్540ఎన్ మాస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్; గేట్‌కి వోల్టేజ్ ఇస్తే డ్రెయిన్ నుంచి సోర్స్‌కి కరెంటు పోతుంది) డ్రెయిన్‌కి, సోర్స్ గ్రౌండ్‌కి, గేట్‌కి ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు జీపీఐఓ 15 పిన్ నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్. గ్రౌండ్లు కలిపే ఉన్నాయి. పీడబ్ల్యూఎం (వెలుగు తగ్గించి పెంచే పల్స్ సిగ్నల్) గరిష్ఠంగా 255 పెట్టినా వెలుగు సగం కూడా లేదు, మాస్‌ఫెట్ మాత్రం ముట్టుకోలేనంత వేడి. రీసెట్ నొక్కితే స్ట్రిప్ ఒక్క క్షణం మెరుస్తోంది. అడాప్టర్‌కి నేరుగా కలిపితే బాగానే వెలుగుతోంది. కోడ్‌లో తప్పా?

జవాబు 1:
కోడ్ జోలికి పోకండి. 255 మీద ఉంచి మల్టీమీటర్‌తో రెండు కొలతలు తీయండి: గేట్-సోర్స్ మధ్య ఎంత, డ్రెయిన్-సోర్స్ మధ్య ఎంత. రెండోది అర వోల్టు దాటితే మాస్‌ఫెట్ పూర్తిగా ఆన్ కాలేదన్నమాట.

తర్వాత జీపీఐఓ వైరు గేట్ నుంచి ఊడదీసి (ఇది మర్చిపోతే 12 వోల్టులు పిన్‌లోకి వెళ్లి బోర్డు పోతుంది), 1 కె రెసిస్టర్ ద్వారా గేట్‌కి 12 వోల్టులు ఇచ్చి చూడండి. ఐఆర్‌ఎఫ్540ఎన్ గేట్ 20 వోల్టుల దాకా తట్టుకుంటుంది.

ప్రశ్న వేసినవారు:
గేట్ 3.27, డ్రెయిన్-సోర్స్ 2.6. గేట్‌కి 12 ఇస్తే ఫుల్లుగా వెలిగింది, డ్రెయిన్-సోర్స్ 0.2కి పడింది.

జవాబు 1:
అయితే మాస్‌ఫెట్ బాగానే ఉంది, గేట్‌కి వోల్టేజే చాలడం లేదు. దీని థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు. అది ఆన్ అవడం మొదలయ్యే చోటు మాత్రమే. డేటాషీట్‌లో రాసిన 44 మిల్లీఓమ్‌లు గేట్‌కి 10 వోల్టులు ఇచ్చినప్పటి లెక్క. 2.6 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు పోయినా 5 వాట్లు, హీట్‌సింక్ లేని టీఓ-220 ప్యాకేజీకి (ఈ మాస్‌ఫెట్ ఆకారం) అది చాలా ఎక్కువ. తక్కువ గేట్ వోల్టేజ్‌కే ఆన్ అయ్యే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ వేయండి. మూడు కాళ్ల వరుస అదే కాబట్టి వైరింగ్ మార్చక్కర్లేదు.

జవాబు 2:
పై సలహాతో సగమే ఏకీభవిస్తాను. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్‌కి డేటాషీట్ హామీ ఇచ్చేది గేట్‌కి కనీసం 4 వోల్టులు ఉన్నప్పుడే (35 మిల్లీఓమ్‌లు). ఈఎస్‌పీ32 పిన్ ఇచ్చే 3.3 దగ్గర చాలాసార్లు పనిచేస్తుంది, కానీ అది అదృష్టం మీద ఆధారపడటమే. టీసీ4427 గేట్ డ్రైవర్‌ని (పిన్ సిగ్నల్‌ని గేట్‌కి కావలసిన వోల్టేజ్‌కి పెంచే చిప్) 12 వోల్టులతో నడిపితే మీ దగ్గరున్న ఐఆర్‌ఎఫ్540ఎన్‌నే వాడుకోవచ్చు. దాని ఇన్‌పుట్‌కి 2.4 వోల్టులు చాలు. సప్లై కాళ్ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. బీసీ547 ట్రాన్సిస్టర్‌తో గేట్‌ని 12కి ఎక్కించే సర్క్యూట్ ఎక్కువమంది గీస్తారు గానీ, అందులో లాజిక్ తిరగబడుతుంది (పిన్ ఆన్ అయితే స్ట్రిప్ ఆఫ్), బూట్ సమయంలో స్ట్రిప్ మొత్తం వెలుగుతుంది.

కోఠి గుజరాతీ గల్లీలో కొనేట్టయితే ‘జెడ్44’ అని మాత్రం అడగకండి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ చేతికొస్తే మళ్లీ ఇదే కథ. మీద ఐఆర్‌ఎల్ అని ఉందో లేదో చూసి తీసుకోండి.

జవాబు 3:
రీసెట్ మెరుపు సంగతి ఎవరూ చెప్పలేదు. జీపీఐఓ 15 స్ట్రాపింగ్ పిన్ (బూట్ అయ్యేటప్పుడు బోర్డు సెట్టింగుల కోసం చదివేది), బూట్‌లో లోపలి పుల్-అప్ (పిన్‌ని 3.3 వోల్టుల వైపు లాగే రెసిస్టర్) ఉంటుంది. అక్కడే 10 కె పుల్-డౌన్ (గ్రౌండ్ వైపు లాగే రెసిస్టర్) పెడితే సీరియల్ మానిటర్‌లో బూట్ మెసేజ్‌లు ఆగిపోతాయి. 25కో 26కో మార్చి, గేట్-సోర్స్ మధ్య 10 కె వేయండి. డ్రైవర్ పెడితే ఆ 10 కె దాని ఇన్‌పుట్ దగ్గర ఉండాలి.

ఇంకోటి. ఈ స్ట్రిప్ మీటరుకు 14.4 వాట్లు, 5 మీటర్లకు 72, అంటే 6 ఆంపియర్లు. ఇప్పుడు ఒక చివర నుంచే ఇస్తున్నారు కాబట్టి రాగి పట్టీలోనే వోల్టేజ్ పడిపోయి 5 ఆంపియర్ల అడాప్టర్ ఎలాగో లాగుతోంది. అవతలి చివర మసగ్గా ఉందని రెండు వైపులా వైర్లు ఇచ్చారంటే కరెంటు పెరిగి అడాప్టర్ ఆగి ఆగి వెలిగిస్తుంది. అలా చేసేట్టయితే 8 ఆంపియర్లది తీసుకోండి, అవతలి చివరి మైనస్ కూడా డ్రెయిన్‌కే రావాలి. గ్రౌండ్‌కి కలిపితే స్ట్రిప్ ఇక ఆరదు.