కరెంటు వైర్లలోంచి మేడ మీదికి నెట్ వస్తుందా? ఎవరైనా వాడారా?

మేడమీది_గది:
అన్నలూ ఒక డౌటు. తెనాల్లో మా ఇల్లు, కింద అమ్మానాన్న, పైన నా గది ఒక్కటే. రౌటర్ కింద హాల్లో టీవీ పక్కన, 100 ఎంబీపీఎస్ ప్లాను, హాల్లో 95 దాకా వస్తుంది మెట్లెక్కితే 6, 7 అంతే, మధ్యలో స్లాబు కదా. వర్క్ ఫ్రమ్ హోమ్ నాది, మీటింగులో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినపడుతోందట. రిపీటర్ పెట్టా, గీతలు ఫుల్లు స్పీడు నిల్లు. గోడ మీద చెయ్యేస్తే నాన్న ఊరుకోరు, మొన్ననే రంగులేయించారు. ఈ పవర్‌లైన్ అడాప్టర్లు, కింద ప్లగ్గులో ఒకటి పైన ఒకటి పెడితే కరెంటు వైరు మీదే నెట్ వెళ్తుందంటున్నారు, నిజమేనా?

పాత_మోడెమ్:
నిజమే, రెండేళ్లుగా వాడుతున్నా. కాకపోతే డబ్బా మీది నంబరు నమ్మకు. ఏవీ600 అని ఉంటే ఆ 600 ఎంబీపీఎస్ అనేది వైరు మీద కాగితం లెక్క, చాలావాటికి వెనక లాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చేది) 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది, మా ఇంట్లో చేతికొచ్చేది 45, బాగుంటే 60. గిగాబిట్ పోర్టు ఉన్నది తీస్కో. ఎక్స్‌టెన్షన్ బాక్సులో అస్సలు గుచ్చొద్దు, సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే సిగ్నల్‌ని మింగేస్తుంది, డైరెక్టుగా గోడ సాకెట్లోనే. పెట్టాక రెండింటికీ పెయిర్ బటన్ నొక్కు, అప్పుడే సొంత కీ, అంటే బయటివాళ్లు దూరకుండా తాళం, పడుతుంది.

ఫేజ్_న్యూట్రల్:
నేను వైరింగ్ పనే చేస్తా. కొనేముందు మీటరు సింగిల్ ఫేజా త్రీ ఫేజా చూస్కో తమ్ముడూ. త్రీ ఫేజ్ అయితే కింద హాలు ఒక ఫేజ్ మీద, పైగది ఇంకోదాని మీద ఉండొచ్చు, లోడు సర్దడానికి మేమే అలా ఇస్తాం. అప్పుడు సిగ్నల్ దొంగదారిన కొంచెం వెళ్తుంది గానీ నీరసంగా. ఒక ఫేజ్ పోయిన రోజు ఇన్వర్టర్ ఆపి చూడు, కింద ఫ్యాన్ ఆగి పైన తిరుగుతుంటే వేరే ఫేజ్ అన్నట్టే. డీబీలో (ఎంసీబీలుండే మెయిన్ డబ్బా) ఫేజ్ మార్చడానికి తిప్పే సెలెక్టర్ ఉంటే నీ అదృష్టం, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలువు, నువ్వు మాత్రం ఆ డబ్బా విప్పకు. ఇన్వర్టర్ లైను సాకెట్టు కూడా వద్దు.

డాబా_గొట్టం:
ఇదంతా ఎందుకు బ్రో, పాత డిష్ కేబుల్ పైకెళ్లిన పైపు ఉంటుందిగా, ఆ కేబుల్ చివర క్యాట్6 నెట్ కేబుల్ కట్టి లాగు. 100 మీటర్ల దాకా ఢోకా లేదు, గోడా పగలదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకు.

మేడమీది_గది:
డాబా అన్నా, చూశా, ఆ పైపు మూతికి మేస్త్రీ సిమెంటు మెత్తేశాడు 😭

మేడమీది_గది:
అప్‌డేట్. గిగాబిట్ పోర్టుదే తెచ్చా. మొదటిరోజు 14 వచ్చింది, వాపస్ ఇచ్చేద్దామనుకున్నా. మాది త్రీ ఫేజే, డీబీలో సెలెక్టర్ ఉంది (ఇన్నాళ్లూ అదేంటో కూడా తెలీదు), పైగదివన్నీ ఆపేసి హాలు ఉన్న ఫేజ్ మీదికి తిప్పా, 68! ఫేజ్ అన్నా నీకు దండం. ఒకటే గొడవ, అమ్మ మిక్సీ వేస్తే 30కి పడిపోతోంది, పొద్దున తొమ్మిదిన్నర మీటింగుకి ముందే పచ్చడి నూరేయమని బతిమాలుకున్నా.

పాత_మోడెమ్:
మిక్సీ ఏ సాకెట్లో? అడాప్టర్ ఉన్న బోర్డులోనే అయితే దాన్ని వేరే బోర్డుకి మార్చి చూడు.

మేడమీది_గది:
హాల్లో అదే బోర్డు అన్నా 🙈 రేపు మార్చి చెప్తా