గ్లాండ్ నట్టు విప్పడానికి పెద్ద ప్లయర్: 400 మిల్లీమీటర్లదా, 560దా?

అన్నలందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ట్రాక్టర్ ట్రాలీల రిపేరు షెడ్డు నడుపుతున్నాను. ట్రాలీని ఎత్తే హైడ్రాలిక్ జాకీకి సీళ్లు మార్చే పని నాకు ఎక్కువ. జాకీ నోటి దగ్గరుండే గ్లాండ్ నట్టు చాలావాటికి గుండ్రంగానే ఉంటుంది, పానా పట్టే పలకలు ఉండవు.

మొన్న ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొలిస్తే బయటి కొలత 92 మిల్లీమీటర్లు. ఉలి ఆనించి సుత్తితో కొడుతుంటే ఇనుప పెచ్చు ఎగిరి, మా దగ్గర పనిచేసే పిల్లోడికి కనుబొమ్మ మీద తగిలింది. కంటికి వేలెడు దూరం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక మా షెడ్డులో నట్టు మీద ఉలి పెట్టనివ్వను.

24 అంగుళాల పైప్ రెంచ్ ఉంది. పట్టు బాగుంటుంది గానీ తల లావు, ఛాసిస్ సందులో దూరదు. ప్రతిసారీ జాకీ కిందికి దించలేం కదా.

అందుకే దవడల వెడల్పు గాటు గాటుగా మార్చుకునే నిపెక్స్ కంపెనీ కోబ్రా ప్లయర్ చూస్తున్నాను. 400 మిల్లీమీటర్ల పొడవుది 95 మిల్లీమీటర్ల నట్టు దాకా, 560 పొడవుది 120 దాకా పడుతుందని కంపెనీ లెక్క. నా నట్టుకు చిన్నది సరిపోవాలి. కానీ దవడలు చివరి గాటు దాకా తెరిచి బలం వేస్తే జారదా? పెద్దది ట్రాలీ కింద పడుకుని ఎత్తి పట్టుకోగలమా? పిడికి పైపు తొడిగి లాగితే దవడలను కలిపే పిన్ను నిలుస్తుందా?

వాడినవాళ్లు చెప్పండి. తిరుపతిలో చేత్తో పట్టి చూసి కొనే షాపు తెలిసినా చెప్పండి, ఈ ఆదివారమే వెళ్తాను.