ఇంటికి ప్రెషర్ వాషింగ్: ముగ్గురు చెప్పిన ధరల్లో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న

మాది రెండంతస్తుల ఇల్లు. ఎండ సరిగా తగలని వైపు గోడ పాచి పట్టి నల్లబడింది. కారు నిలిపే సిమెంటు నేల మీద నూనె మరకలున్నాయి. వెనుక వైపు చెక్క పలకలతో వేసిన వసారా ఒకటి ఉంది, అదీ బూడిద రంగుకు తిరిగింది. వీటన్నిటినీ ఒకేసారి ప్రెషర్ వాషింగ్ (యంత్రంతో నీటిని ఎక్కువ ఒత్తిడితో చిమ్మి కడగడం) చేయిద్దామని ముగ్గురిని ధర అడిగాను. మొదటివారు ఇంటికి రాకుండానే, ఫోనులో ఇంటి విస్తీర్ణం కనుక్కొని చదరపు అడుగుకు ఇంత అని చెప్పారు. రెండోవారు గంటకు ఇంత అన్నారు గానీ ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేదు. మూడోవారు స్వయంగా వచ్చి, ముప్పావు గంట సేపు ఇల్లంతా తిరిగి, గోడను వేలితో రాసి చూసి, మొత్తం పనికి ఒకే అంకె కాగితం మీద రాసిచ్చారు. అది మొదటివారి అంకెకు రెండున్నర రెట్లు ఉంది.

నీళ్లు చిమ్మి కడిగే పనికి ఇంత తేడా ఉండడానికి కారణమేమిటి? మూడోవారు నన్ను అమాయకుణ్ణి అనుకున్నారా, లేక మొదటివారు ఏదో వదిలేశారా? యంత్రాన్ని అద్దెకు తెచ్చుకొని నేనే చేసుకుంటే మిగులుతుందా?

సమాధానం 1

చాలా ఏళ్లు ఈ పని చేసి మానేసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ ‘విస్తీర్ణం’ సంగతి చూడండి. ఇంటి విస్తీర్ణమంటే అందరూ చెప్పేది లోపలి నేల కొలత, కడగవలసినది మాత్రం బయటి గోడ. ఉదాహరణకు 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న రెండంతస్తుల ఇల్లు నేల లెక్కన 2,000 చదరపు అడుగులు అవుతుంది. అదే ఇంటి చుట్టుకొలత 130 అడుగులు, ఎత్తు 20 అడుగులు అనుకుంటే గోడలు 2,600 చదరపు అడుగులు, కారు నిలిపే నేల, వసారా ఇందులో చేరనే లేదు. ఫోనులో ధర చెప్పినవారు ఏ కొలతను పట్టుకొని చెప్పారో మీకూ తెలియదు, బహుశా వారికీ తెలియదు. పనికి వచ్చాక ‘ఇంత ఉందని అనుకోలేదండీ’ అనే మాట వినవలసి వస్తుంది.

రెండో అంతస్తు ఉంటే ధర పెరగడం సహజమే. నిచ్చెన మీద నిలబడి గన్ (నీరు చిమ్మే పిడి) నొక్కితే అది వెనక్కి తంతుంది, మనిషి పడిపోయే ప్రమాదం ఉంటుంది. అందుచేత బాగా తెలిసినవారు నేల మీద నుంచే పొడవాటి గొట్టంతోగానీ, దూరానికి చిమ్మే నాజిల్‌తోగానీ (నాజిల్ అంటే నీరు బయటికొచ్చే మూతి) పని చేస్తారు, లేదా పరంజా కడతారు. మొదటిదానికి తగిన పరికరాలు కావాలి, రెండోదానికి సమయం కావాలి.

చాలామంది ఒత్తిడి ఎంత అని అడుగుతారు గానీ నిమిషానికి ఎన్ని లీటర్లు అని అడగరు. ఒత్తిడి మురికిని ఊడదీస్తుంది, ఊడిన మురికిని మోసుకుపోయేది నీరు. ఇళ్లలో వాడుకునే చిన్న విద్యుత్ యంత్రాలు నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు ఇస్తే, పనివారు వాడే పెట్రోలు యంత్రాలు 15 లీటర్లు, అంతకు మించి కూడా ఇస్తాయి. ఒకే గోడకు ఒకరు సగం రోజు, మరొకరు రోజంతా తీసుకోవడం ఇక్కడే మొదలవుతుంది. అందువల్ల గంటకు తక్కువ అడిగినవారు చివరికి చౌకగా తేలతారన్న నమ్మకం లేదు.

ఇక అసలు విషయం పాచి. మీరు చెప్పిన నల్లటి పొరను వట్టి ఒత్తిడితో గీకేస్తే ఆ రోజుకు గోడ తెల్లగా కనిపిస్తుంది, కానీ గోడ గరుకుదనంలో దాగిన పాచి చావదు కాబట్టి త్వరలోనే తిరిగి పుట్టుకొస్తుంది. సరైన పద్ధతిలో సోడియం హైపోక్లోరైట్‌ను (బ్లీచ్ ద్రవంలో ఉండే రసాయనం) గోడకు చేరేసరికి సుమారు 1 శాతం బలం ఉండేలా పలుచన చేసి, కొద్దిగా సబ్బు కలిపి, తక్కువ ఒత్తిడితో చల్లుతారు. ఆరనివ్వకుండా పది పదిహేను నిమిషాలు ఉంచి, తరువాత మామూలు ధారతో కడిగేస్తారు. దీనికి ముందూ తరువాతా గోడ కింది మొక్కలను నీళ్లతో బాగా తడపాలి, బయటి ప్లగ్గులకు, దీపాలకు ప్లాస్టిక్ కట్టాలి, కిటికీలు గట్టిగా మూసి ఉన్నాయో లేదో చూడాలి. మూడోవారి అంకెలో పెద్ద భాగం బహుశా ఈ సిద్ధపాటుకే అయి ఉంటుంది. ఆయన వేలితో రాసి చూసింది కూడా ఊరికే కాదు: పాత రంగు పొడిగా చేతికి అంటుకుంటే ఒత్తిడి పెట్టిన చోటల్లా అది మురికితోపాటు లేచివస్తుంది. చాలా పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక, అలాంటి గోడను పరీక్ష చేయించకుండా కడిగి ఆ పెచ్చులను మట్టిలో కలపకూడదు.

సమాధానం 2

యంత్రం అద్దెకు తెచ్చుకున్న అనుభవం నాకుంది. ఆ రోజు చేసిన తప్పులు మీకు పనికొస్తాయని చెబుతున్నాను.

ఒక రోజు అద్దెకు తెచ్చాను. పెట్టెలో రంగురంగుల నాజిల్స్ ఉన్నాయి. వాటి డిగ్రీలు ధార విచ్చుకునే కోణం, అది తగ్గేకొద్దీ ధార పదునవుతుంది. ఎరుపుది 0 డిగ్రీలు, పసుపుది 15, ఆకుపచ్చది 25, తెల్లది 40, సబ్బు కోసం నల్లది. మురికి గట్టిగా ఉంది కదా అని చెక్క వసారా మీద పసుపుది పెట్టి, దగ్గరగా పట్టుకొని కడిగాను. ఆ యంత్రం సుమారు 3,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి కొలత) ఇచ్చేది. మెత్తటి కలపకు 500, 600 పీఎస్‌ఐ చాలునని ఆ తరువాత తెలిసింది. చెక్కలోని మెత్తటి భాగం కొట్టుకుపోయి, గట్టి చారలు పైకి తేలి, పలకలు దువ్వెనతో గీసినట్టు తయారయ్యాయి. పీచు లేచిన ఆ పలకలను ఇసుక కాగితంతో రుద్దించి, మళ్లీ నూనె పట్టించడానికి అయిన ఖర్చు అద్దెకు ఎన్నో రెట్లు.

సిమెంటు నేల మీద నష్టమేమీ జరగలేదు గానీ, గన్‌ను అటూ ఇటూ ఊపిన ప్రతిచోటా చారలు మిగిలాయి. పనివారు దీనికి కింద రెండు నాజిల్స్ తిరిగే గుండ్రటి మూత లాంటి పరికరాన్ని వాడతారు, దానితో నేల అంతా ఒకే తీరుగా, చాలా తొందరగా శుభ్రమవుతుంది. అద్దెకు తెచ్చేటప్పుడు ఆ పరికరాన్ని కూడా అడగాలని నాకు తోచలేదు. యంత్రాన్ని తీసుకురావడానికి, తిరిగి ఇవ్వడానికి పట్టిన సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఇంకొక మాట. ఆ ధారను చేతికిగానీ కాలికిగానీ తగలనివ్వకండి. పైకి చిన్న గాటులా కనిపించినా నీరు చర్మం కిందికి లోతుగా చొచ్చుకుపోతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గాయం అది. బూట్లు, కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టవద్దు.

సమాధానం 3

పై ఇద్దరి మాటలతోనూ చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఎక్కువ ధర చెప్పినవారే సరైనవారన్న అభిప్రాయం కలగకూడదు. మూడోవారు ఒకే అంకె రాసిచ్చారన్నారు కదా, నా దృష్టిలో అదే లోపం. గోడ, సిమెంటు నేల, చెక్క వసారా అనేవి మూడు వేర్వేరు పనులు, వాటి ధరలను విడివిడిగా రాసివ్వమని అడగండి. సాదా సిమెంటు నేలకు అంత నైపుణ్యం అక్కర్లేదు, దానికి తక్కువ ధర చెప్పినవారు కూడా సరిపోతారు. రసాయనమూ జాగ్రత్తా కావలసిన గోడకు మాత్రం ఎక్కువ ఇవ్వడం న్యాయమే. యంత్రాన్ని బండిలో వేసుకొని రావడానికే కొంత ఖర్చవుతుంది కాబట్టి చాలామందికి ఒక కనీస రుసుము ఉంటుంది. అందుకే చిన్న పని ఒక్కటే చేయిస్తే చదరపు అడుగు లెక్క భారంగా కనిపిస్తుంది, రెండు మూడు పనులు కలిపితే తగ్గుతుంది.

నూనె మరకల గురించి ముందే మాట్లాడుకోండి. సిమెంటు నూనెను పీల్చుకుంటుంది. కొత్త మరక జిడ్డు తీసే ద్రావణంతోనూ వేడి నీటితోనూ పోతుంది గానీ, ఏళ్ల నాటి మరక నీడ మిగలవచ్చు. ‘పూర్తిగా పోతుంది’ అని చూడకుండానే మాట ఇచ్చేవారి కంటే, ‘చాలావరకు పలచబడుతుంది’ అని చెప్పేవారిని నేను నమ్ముతాను. తుప్పు మరకలుంటే వాటికి ఆమ్లం వాడతారు, అది వేరే ఖర్చు. ఆమ్లాన్ని హైపోక్లోరైట్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలవనివ్వకూడదు, విషవాయువు పుడుతుంది.

కాగితం మీద ఉండవలసినవి మరికొన్ని ఉన్నాయి. నీరు మీ కుళాయిదా, వారి ట్యాంకుదా? ఏ రసాయనం, ఎంత బలంతో వాడతారు? కిటికీ అద్దం పగిలినా, గోడలోకి నీరు దిగినా ఎవరు భరిస్తారు, వారికి బీమా ఉందా? మురికి నీరు ఎటు పోతుంది? రాళ్లు పరిచిన నేల కూడా ఉంటే, సందుల్లోని ఇసుక కొట్టుకుపోతుంది కనుక దాన్ని తిరిగి నింపడం ధరలో చేరిందో లేదో అడగాలి. డబ్బు మొత్తం అప్పటికప్పుడే ఇచ్చేయకండి. తడిగా ఉన్నప్పుడు ఏ నేలైనా శుభ్రంగానే కనిపిస్తుంది, వదిలేసిన చోట్లు, చారలు ఆరిన తరువాతే బయటపడతాయి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. మొదటివారికి మళ్లీ ఫోను చేసి, మీరు చెప్పిన ధర గోడలకా, నేలకా అని అడిగితే ‘గోడలు వేరే అవుతాయండీ’ అన్నారు! మూడోవారు మాత్రం విసుక్కోకుండా మూడు పనులకూ విడిగా ధరలు రాసి పంపారు. అందులో సగానికి పైగా గోడదే, సిమెంటు నేలది అనుకున్నంత ఎక్కువేమీ కాదు. నీటి విషయం మాత్రం అర్థం కాలేదు. పని మొత్తం మా కుళాయి నీటితోనే అన్నారు, బిల్లు బాగా పెరుగుతుందా?

సమాధానం 1 ఇచ్చినవారు

లెక్క వేసుకోండి. నిమిషానికి 15 లీటర్ల చొప్పున గన్ నొక్కి ఉంచితే గంటకు 900 లీటర్లు. రోజంతా పని జరిగినా గన్ నిజంగా నడిచేది మూడు, నాలుగు గంటలే, అంటే సుమారు 2,700 నుంచి 3,600 లీటర్లు. మామూలు తోట గొట్టాన్ని అంతసేపు వదిలేస్తే ఇంతకంటే ఎక్కువే పోతుంది. బిల్లు కంటే మీ కుళాయి ధార ఎంత అన్నది ముఖ్యం. ఒక బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో చూసి ఆ అంకెను వారికి ముందే చెప్పండి. యంత్రం తాగేంత నీరు అందకపోతే పంపు పాడవుతుంది కాబట్టి, వారు మధ్యలో ఒక ట్యాంకు పెట్టుకోవలసి రావచ్చు.

గోడకు రంగు వేయించే ఆలోచన ఉంటే, కడిగిన మర్నాడే మొదలుపెట్టనివ్వకండి. గోడ లోపలి తడి ఆరడానికి ఎండను బట్టి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

బకెట్టు పరీక్ష చేశాను. 20 లీటర్ల బకెట్టు నిండడానికి రెండు నిమిషాలు పట్టింది, అంటే నిమిషానికి 10 లీటర్లే. మూడోవారికి చెప్పగానే ట్యాంకు తెచ్చుకుంటామన్నారు, ధర పెంచలేదు. గోడ, సిమెంటు నేల వారికే ఇచ్చాను. సమాధానం 2 చదివాక చెక్క వసారాను ఆ జాబితాలోంచి తీసేశాను, దాన్ని సబ్బు నీళ్లూ బ్రష్షూ పట్టుకొని నేనే తోముకుంటాను.

సమాధానం 2 ఇచ్చినవారు

పీచు వెంబడే తోమండి, అడ్డంగా వద్దు.